పదకొండో నంబరు గోడ

శనివారం పొద్దున్నే, మోంతెవిదేయో ఊరి చివర
నన్ను దింపేసి బస్సు వెనక్కి తిరిగిపోతుంది.
ఆ పైన రోడ్డు లేదు.
బురద, ఇసుక గుట్ట, కప్పులు లేని ఇరవై ఎనిమిది ఇళ్లు.
జూన్ నెల. దక్షిణపు గాలి
చెవుల్లో సూదులు గుచ్చుతుంది.

ముప్పై ఒక్కేళ్లు కరెంటు మీటర్లు చూశాను.
ఇళ్లన్నీ నాకు బయటినుంచే తెలుసు:
కుక్క, గేటు, గోడకి బిగించిన పెట్టె,
అంకెలు రాసుకుని పక్కింటికి.
లోపల గదులెలా ఉంటాయో
ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు మాలు కలుపుతున్నాను.
"జారైపోయింది మీటరమ్మా, ఇది సూపు కాదు"
అంటుంది నెలిడా.
వారమంతా చేపల ఫ్యాక్టరీలో పొలుసులు గీకే మనిషి,
తాపీ పట్టిందంటే
ఆ వేళ్లు ఇంకెవరివో.

ఇక్కడి పద్ధతి ఇది:
కుటుంబానికి వారానికి ఇరవై ఒక్క గంటల చాకిరీ.
లెక్క పుస్తకం ఉబాల్డో దగ్గర, దానికి గొలుసుతో కట్టిన పెన్సిలు.
ఏ ఇల్లు ఎవరిదో ఎవరికీ తెలీదు.
అన్నీ లేచాక, రంగులు పడ్డాక
చీటీలు తీస్తారు.
అందాకా ఏ గుమ్మంలోనూ
ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.
నిలబడితే ఆశపడ్డట్టు.

చీటీలో పేరు లేనివాళ్లం కొందరం వస్తాం:
ఒక బస్సు కండక్టరు, ఇద్దరు కాలేజీ పిల్లలు,
ఏ పాపం కడుక్కుంటున్నాడో గానీ
నోరు విప్పకుండా ఇటుకలు మోసే పళ్ల డాక్టరు.
"మరి నీకేమొస్తుంది?" అనడిగింది యమీలా.
ఏడో నెల. పరంజా ఎక్కనివ్వరని
వంగిపోయిన మేకులు సుత్తితో సరిచేస్తూ కూచుంది.
నాకు జవాబు తట్టలేదు.
మాతే గిన్నె చేతులు మారుతోంది,
ఒకటే గొట్టం, అందరి నోళ్లూ.
నా వంతుకి చల్లారిపోయింది. తాగాను.

పదకొండో నంబరు, పడమటి గోడ.
నేను కట్టిన ఐదు వరసలు.
రసమట్టంలో బుడగ
కాస్త ఎడమకి జరిగి కూచుంది.
"ప్లాస్టరింగు కింద కనబడదులే" అన్నాడు ఉబాల్డో.
నెలిడా ఏమీ అనలేదు.
కాలితో తోసేసింది.
ఐదు వరసలూ. పొద్దుటినుంచీ నా నడుమూ.
తర్వాత తనే వంగి
తడి ఇటుకలు ఒక్కొక్కటీ గీకి
నా పక్కన పేర్చింది.
"ఇందులో ఎవరు పడుకుంటారో తెలుసా?"
తెలీదన్నాను.
"నాకూ తెలీదు. అందుకే."

ఆ రాత్రి నా అద్దె గదిలో
గోడకి చెంప ఆనించి, ఒంటికన్నుతో చూశాను.
ఒక్క మూలా నిటారుగా లేదు.
ఇన్నేళ్లూ కోడు కింద అట్టముక్క దోపి
మంచాన్ని తిట్టాను.

చీటీల రోజు వాన.
ఉబాల్డో ఉన్ని టోపీలో ఇరవై ఎనిమిది అంకెలు.
దూరంగా నది కనబడే కిటికీ మూడో నంబరుకే ఉంది.
అది నెలిడాకి రావాలని కోరుకున్నాను, తప్పని తెలిసే.
రాలేదు. నీళ్ల ట్యాంకు వెనకది, ఇరవై ఆరు.
రెండుసార్లు చదువుకుని, మడిచి, బూటులో పెట్టుకుంది.
ఆ తర్వాత మూడో నంబరు వాళ్ల పరుపు
ఒక కొస పట్టుకుని మోసింది,
వానలో, తలుపులు ఎటు తెరుచుకుంటాయో వాళ్లకి చెబుతూ.

పదకొండు యమీలాకి.
చంటిదానికి అప్పటికే పళ్లొస్తున్నాయి.

బస్సుకింకా టైముంది.
అలవాటు కొద్దీ పక్క గోడకి నడిచి
మీటరు పెట్టె మూత తీశాను.
కొత్త గాజు. సున్నా, సున్నా, సున్నా, సున్నా.
రాసుకోవడానికి జేబులో ఏమీ లేదు.
లోపల ఎవరో స్విచ్చి వేశారు.
చక్రం ఒక్క క్షణం ఆలోచించి
మెల్లగా కదిలింది.

"మీటరమ్మా, బయటేం చేస్తున్నావ్? లోపలికి రా!"

బూట్లనిండా మాలు.
విప్పుకుంటూ నిలబడ్డాను
గుమ్మంలో,
కాస్త ఎక్కువసేపే.